కుర్చీ కింద చెప్పులు

మా సంఘంలో అందరూ కుట్టక్క అని పిలుచుకునే అక్క పోయిన వారం దవాఖానలో కన్నుమూసింది. గుండె ఆగిందన్నారు. ప్రియులారా, ఆమె గురించి చెప్పాలంటే నా నోటి గురించి కూడా చెప్పాలి.

అక్కది కాంగో. తుపాకుల మూక భర్తను చంపితే ప్రాణం దక్కించుకుని ఇటు వచ్చింది. కొండాపూర్‌లో గది కిరాయికి తీసుకుని, ఐటీ ఆఫీసుల పిల్లలకు ప్యాంట్లు ఆల్టర్ చేసేది, జాకెట్లు కుట్టేది. తెలుగు కూడా ఆ బట్టలిచ్చేవాళ్ల దగ్గరే నేర్చింది. "జర ఆగు బిడ్డా, దారం ఒడిసింది" అంటుంటే కొత్తవాళ్లు తలెత్తి చూసేవాళ్లు.

మా ప్రార్థన హాల్లోకి చెప్పులతో రాకూడదు. ఆమె మాత్రం వాటిని సంచిలో పెట్టుకుని తెచ్చి కుర్చీ కింద ఉంచేది. ఆ కుర్చీ కూడా తలుపు పక్కదే. నేను ఊరుకుంటానా? మండే పొద ముందు మోషే చెప్పులు విడిచిన సంగతి ప్రసంగంలోనే అందుకున్నాను. "మోషే చెప్పులు ఎవలూ ఎత్తుకపోరు గదన్నా" అన్నది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మళ్లీ ఆలోచించలేదు.

శరణు కోసం పెట్టుకున్న అర్జీ మీద ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఆఫీసు ఇంటర్వ్యూకి పిలిచినప్పుడు, "ఎట్ల చెప్పాలన్నా?" అని నన్నే అడిగింది. సరిగా బడి ముఖం చూడనివాణ్ణి. నాకు తెలిసిన చెప్పడం ఒక్కటే, సంఘంలో ఇచ్చే సాక్ష్యం. "ఏడుపుతో ఆపకక్కా. దేవుడు నా భయం తీసేసిండు, ఇప్పుడు శాంతి ఉన్నదని ముగించు" అన్నాను. ఆరాధనయ్యాక నిలబెట్టి మరీ చెప్పించాను. అట్లాగే చెప్పి వచ్చింది. అర్జీ తోసిపుచ్చారు. తనకిప్పుడు భయం లేదని ఆమే చెప్పిందని రాశారు.

ఆ కాగితం ఒకరితో రెండుసార్లు చదివించుకున్నాను. ఆమె నన్నొక్క మాట అనలేదు. "ఏలీయా ప్రవక్త గూడ పానానికి భయపడి అడవికి ఉరికిండు గదన్నా. దేవుడు తిట్టలే, రొట్టె పంపిండు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్త" అన్నది. మళ్లీ పరిశీలించమని పెట్టుకున్న అర్జీలో చెప్పుల సంగతే మొదట రాయించింది. ఎవరైనా తలుపు గట్టిగా బాదితే ఉరకడానికట. అంతకాలం వాక్యం చేత పట్టుకుని, ఆమె కాళ్ల దగ్గరి సంచిని చూడలేకపోయాను.

మళ్లీ ఢిల్లీ బయల్దేరిన రోజు తెలంగాణ బంద్. ఆటోలు లేవు. నా బండి మీద స్టేషన్‌కు పోతుంటే చౌరస్తాలో పిల్లలు ఆపారు. "అక్కా, నువ్వు గూడ జై తెలంగాణ అంటవా?" అని ఒకడు ఆట పట్టించాడు.

"ఉండనిస్తే అంట బిడ్డా."

వాళ్లే అడ్డం పెట్టిన రాళ్లు జరిపి దారిచ్చారు.

ఈసారి ఒప్పుకున్నారు. ఇక ఎవరూ వెనక్కి పంపరు. హాలంతా చప్పట్లు కొడుతుంటే నా కళ్లు కుర్చీ కిందికే పోయాయి. సంచి అక్కడే ఉంది. "ఇంకెందుకక్కా?" అన్నాను.

"కాగితమొచ్చినట్టు కాళ్లకింకా తెల్వదన్నా."

మైకు ముందు అంత గొంతున్నవాణ్ణి, ఆమె ముందు క్షమించక్కా అనలేకపోయాను. రేపు అందాం, ఎల్లుండి అందాం అనుకుంటూనే ఉన్నాను.

ఆమె శవపెట్టెను హాల్లో దించాక, దవాఖాన నుంచి ఆమెతో వచ్చిన ఆ చెప్పుల సంచిని ఎవరో పక్కకు తీయబోయారు. నేను అందుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని ఆమె కాళ్లకు చెప్పులు తొడిగాను. ఎడమకాలి పట్టీ ఎంతకీ ఎక్కలేదు. మా అందరి చెప్పులూ గడప బయట ఉన్నాయి. ఆమె ఒక్కతే చెప్పులతో, తలుపు వైపు కాళ్లు పెట్టుకుని పడుకుని ఉంది.