ప్లేటు మీద నంబరు

రాయపూర్ మోవాలో ఉండే మా వెల్డింగ్ మాస్టారు పోయారని ఫోనొస్తే డ్యూటీలోనే కూలబడి ఏడ్చాను. పదో రోజుకి వాళ్ళింటికి వెళ్ళొచ్చినప్పటి నుంచి మాత్రం ఏడుపు రావడం లేదు. ఒళ్ళు మండుతోంది.

రాయపూర్ ఐటీఐలో మా బ్యాచ్‌కి ఇద్దరమే ఆడపిల్లలం: నేనూ, బస్తర్ నుంచి వచ్చిన ఒక గోండు అమ్మాయీ. మావాళ్ళలాగే శ్రీకాకుళం నుంచి వచ్చిన మాస్టారు తన క్యారేజీలో చారన్నం మా ఇద్దరికీ పెట్టేవారు. నేను ప్రతి అతుకునీ చివర్లో హడావిడిగా వదిలేసేదాన్ని. అక్కడ చిన్న గుంట మిగిలేది. "సివర్లో తొందరేటే? గుంట పూడిసాకే రాడ్ ఎత్తు. ఆ పిల్లని సూసి నేర్సుకో!" అని తిట్టేవారు.

చదువు అయ్యే సమయానికి ఒక ఫ్యాక్టరీలో ఒకే ఉద్యోగం ఉందన్నారు. "ఎవులి పిల్లన్నది సూడరు, ప్లేటే సూత్తారు," అన్నారు మాస్టారు. మేం అతికిన ఇనప ప్లేట్ల మీద రోల్ నంబర్లు గుద్ది ఆయనే పంపారు. పద్నాలుగో నంబరుకి ఉద్యోగం వచ్చింది. అది నాది. ఏడో నంబరు ఆమెది. ఆమె రాయపూర్ దగ్గరి ఆరంగ్‌లో గ్రిల్స్ షాపులో హెల్పరుగా చేరింది, ఇప్పటికీ హెల్పరే. "అడవివాళ్ళు పనిలో నిలవరు" అని ఫ్యాక్టరీలో అంటుంటే నేను నోరు మెదపలేదు. గెలిచింది నా ప్లేటే కదా అని ధీమా.

పదో రోజున మాస్టారి భార్య గుడ్డలో చుట్టిన ప్లేటొకటి ఇచ్చారు. ఫ్యాక్టరీవాళ్ళు అప్పట్లో చూసి తిప్పి పంపిందే. "నీకే ఇమ్మన్నారమ్మా. ఎందుకో తెగ ఏడిసారు."

విప్పాను. పద్నాలుగు అనే ఉంది. కానీ అతుకు చివర గుంట లేదు. నంబరు కింద గ్రైండర్‌తో అరగదీసిన చోట ఏడు అంకె ఆనవాలు ఇంకా కనిపిస్తోంది.

"ఈ ఊర్లో మనోలెంతమందే? మనకి మనవే సేసుకోకపోతే ఎవులు సేత్తారు?" అని అప్పట్లో ఆయన నవ్వుతూ అంటుంటే ప్రేమనుకున్నాను. ఎంత పని చేశారు మాస్టారూ! ఆమెనే కాదు, నన్నూ మోసం చేశారు. మీరు నేర్పిన పనే నాకు తిండి పెడుతోంది, కాదనను. అందుకే ఇంకా కోపం.

ఆమె కూడా ఆరోజు వచ్చింది. మాస్టారి ఫోటోకి దండ వేసి వెక్కివెక్కి ఏడ్చింది. బస్టాపు దాకా వెంట వెళ్ళి ప్లేటు చేతికిచ్చాను. బొటనవేలితో అతుకు పొడుగునా తడిమి చివర ఆగింది.

"ఏ తో మోర్ ఆయ్," అంది మెల్లగా. ఇది నాదే అని.

తర్వాత నంబరు చూసింది. దాని కింద అరిగిన ఏడుని గోటితో గీకింది. ఈలోగా ఆరంగ్ బస్సొచ్చింది.

"మీద నీ నంబరుంది కదా, నువ్వే ఉంచుకో," అని ప్లేటు నా చేతుల్లో పెట్టి బస్సెక్కింది.