వ్యానెక్కని ప్రయాణికులు

లెక్కలకూ నాకూ పడక ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. ఎవరు గెలిచారో ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాత హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే వ్యానుకు సీట్లు రాసుకునే పనిలో కుదిరాను. అరిచి అరిచి గొంతు అరిగింది గాని ఆ మూడు ఊళ్ల పేర్లు అరగలేదు.

అలాంటి నన్ను మా అక్క కూతురు కంప్యూటర్ పనికి సాయం పిలిచింది. బెంగళూరులో ఉద్యోగం వదిలి వచ్చి సొంతంగా పట్టుకున్న మొదటి పని అది. మా వ్యాను ఓనరుకు, ఫోన్లో మాట్లాడి సీటు రాసుకునే యంత్రం చేసివ్వాలి. సోమవారం ఆయన వచ్చి చూస్తాడు. నచ్చకపోతే పని ఇంకో కంపెనీకి పోతుంది, పిల్ల మళ్లీ బెంగళూరుకు పోతుంది.

"అది సీట్లు రాస్తే నేనేం చెయ్యల్ల పాపా?" అని ముందే అడిగాను.

"నువ్వు లగేజీ చూసుకో మామా. సంచిలో కోడిపుంజును పెట్టుకొచ్చేవాణ్ని అది పట్టుకోలేదు."

ఫోనెత్తే యంత్రం ఒకటి, సీట్ల పట్టీ ఉండే ఓనరు పాత సాఫ్ట్‌వేర్ ఒకటి. రెండూ సరిగ్గా అతుక్కున్నాయో లేదో తెలియాలంటే ప్రయాణికులు కావాలి. నిజం ప్రయాణికుల మీద ప్రయోగం చేస్తే తంతారు. అందుకని కంప్యూటర్లోనే ఉత్తుత్తి ప్రయాణికులను తయారుచేసింది. వాళ్లను ఏజెంట్లు అంటారట.

"ఏజెంటంటే కమీషన్ అడుగుతాడే!"

"వీళ్లు అడగరు మామా. మనం ఎట్ల చెప్తే అట్ల నడుచుకుంటారు."

"అట్లయితే వాళ్లు మన ఊరోళ్లే కాదు."

నిజంగానే కాదు. మొదటి ఏజెంటు, "నమస్కారం. రేపు ఉదయం ధర్మవరమునకు ఒక సీటు కావలెను. ధన్యవాదములు" అన్నాడు. మా బస్టాండులో ఎవరైనా అట్లా మాట్లాడితే జనం జేబులు తడుముకుంటారు. నేను చెబుతుంటే పిల్ల టైపు చేసింది. పెనుకొండ అవ్వకు వ్యాను టైము కావాలి గాని ముందు వాన సంగతి, ఆ తర్వాత మోకాళ్ల సంగతి చెబుతుంది. మడకశిర ఆయన తెలుగులో ఎక్కి కన్నడలో దిగుతాడు. ధర్మవరం చీరల వ్యాపారికి ఒక సీటు తనకు, ఇంకొకటి మూటకు కావాలి. మూటకే కిటికీ పక్కన. ఇట్లా పదిమందికి వేషాలు కట్టాం. ఆరుగురు సీటు అడగాలి, నలుగురు ఊరికే టైము కనుక్కొని పెట్టేయాలి.

పిల్ల అందరినీ ఒకేసారి ఫోనెత్తే యంత్రం మీదికి వదిలింది. పట్టీ తీసి చూస్తే పదిమందికీ సీట్లు! టైము అడిగిన పాపానికి నలుగురూ వ్యానెక్కారు.

తప్పు అతుకు దగ్గరే ఉందని పిల్ల శనివారమంతా దాన్నే విప్పి కట్టింది. ఆదివారం మధ్యాహ్నం దాకా మళ్లీ అదే పని. ఏమీ తోచక నేను ఆ సంభాషణలను అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. అవ్వ మాటల్లో చివరిది: "సరే నాయనా, వస్తా." దాని కింద యంత్రం రాసుకున్నది: "సీటు ఖాయం."

నవ్వాగలేదు.

"ఏంది మామా?"

చెప్పకుండా చెప్పులు తొడుక్కున్నాను. "వస్తా పాపా."

"యాడికి?"

"పోతాండా."

నన్ను చూసింది, తెరను చూసింది, నెత్తి కొట్టుకుంది. పోతా అనడానికి నోరు రాక, వస్తా అని చెప్పి పోయే జనం మేం. ఏజెంట్లకు ఆ మర్యాద కూడా నేనే నేర్పాను. చివర్న వచ్చే 'వస్తా' సెలవు మాటేనని పిల్ల యంత్రానికి రాసిపెట్టి మళ్లీ వదిలింది. ఆరుగురికే సీట్లు.

సోమవారం ఓనరు వచ్చాడు. తెరవైపు చూడనే లేదు. సొంత ఫోను తీసి, యంత్రంతో తనే మాట్లాడాడు.

"ధర్మవరం వ్యాను ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నరకు అన్నా."

"సీట్లు ఉండాయా?"

"ఉన్నాయన్నా."

"సరే, వస్తా."

"మంచిదన్నా, పోయి రండి."

పట్టీలో ఆయనకు సీటు పడలేదు.

"ఏమమ్మా, నా సీటేది?"

"మీరు వస్తా అని చెప్పి పోయినారు గదా!" అంది పిల్ల.

"ఊరికే ఫోను పెట్టేసేదుంటే సీట్లు ఉండాయా అని ఎందుకడుగుతా? వ్యానుకు వస్తా అంటి!"

పిల్ల ముఖం మాడిపోయింది. నాకు నోరు ఊరుకోదు.

"పాపా, ఇన్నేండ్లు నేనెట్ల చేసినానో తెలుసునా? అడిగేదే. వస్తా అంటే వ్యానుకా, ఇంటికా అని. అడిగితే ఎవరూ కొట్టరు."

నిలబడే టైపు చేసింది. ఓనరు మళ్లీ ఫోను చేసి, ఈసారి మీసం దువ్వుకుంటూ అదే ముక్క అన్నాడు. "సరే, వస్తా."

"వ్యానుకా అన్నా, ఇంటికా?"

ఆయన ఫోనును చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి దానివైపు చూశాడు. "వ్యానుకే తల్లీ" అన్నాడు, ఎదురుగా మనిషి ఉన్నట్టే. పట్టీలో నాలుగో సీటు పడింది. పట్టీ చూసి ముఖం చిట్లించాడు. పిల్ల నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నెల దినాలు నడిపి చూద్దాం. కాని ఈ నాలుగో సీటేందమ్మా, నడిమధ్యలో? కిటికీ పక్కన లేదా?"

"దాన్నే అడగండి సార్" అంది పిల్ల.

ఆయన మూడోసారి ఫోను తీశాడు.