ఎనిఫా పెట్టని గాట్లు

జోంబా కొండ కింద మోకాలు పట్టేసినా, నడుం నొచ్చినా జనం ఎనిఫా గుమ్మం ముందే కూర్చునేవారు. ఆమె నొప్పి ఉన్నచోట బ్లేడుతో సన్నని గాట్లు పెట్టి, చెట్టు వేళ్లు కాల్చిన మసి రుద్దేది. ఎవరి కొత్త బ్లేడు వాళ్లే తెచ్చుకోవాలి. ఇన్నేళ్లలో ఆమె పెట్టిన గాటు ఒక్కటీ చీము పట్టలేదు.

ఆ బుధవారం మలిసెని రెండు చంకకర్రల మీద వచ్చింది. బడిలో జావ వండే మనిషి, ఎనిఫాకు ఆడపడుచు వరస, నోటికి అడ్డూ ఆపూ లేదు. పట్నంలో అరిగిపోయిన తుంటి తీసేసి కొత్తది వేయించుకుని రెండు వారాలైంది.

“వదినా, తుంటి కొత్తది పెట్టారు గానీ నొప్పి పాతదే ఉంచారు. గాట్లు పెట్టు.”

ఎనిఫా బ్లేడు మీది కాగితం విప్పింది. లోపలికి ఏం పోయిందో, బయటికి ఏం వచ్చిందో అడక్కుండా ఎవరి ఒంటినీ ముట్టొద్దని తల్లి నేర్పిన మాట. అడిగింది.

మలిసెని సంచి గుమ్మరించింది. ఆస్పత్రి మాత్రలు, వాటితోపాటు బస్టాండులో అమ్మే నొప్పుల పొడి పొట్లాలు.

“మాత్ర దేనికట?”

“కాల్లో రక్తం గడ్డకట్టకుండా. ఒక్క పూటా మానలేదు. పొడి నా సొంత వైద్యం, రోజుకు నాలుగు.”

ఆమె చిగుళ్ల అంచున ఎర్రగా ఉంది. మోచేతుల కింద కమిలిన మచ్చలు.

“దొడ్డికి నల్లగా పోతోందా?”

“సిగ్గులేదూ, ఆడపడుచుని అడిగే మాటేనా?” అని గొంతు తగ్గించింది. “రెండ్రోజులుగా తారులా.”

ఎనిఫా బ్లేడును మళ్లీ కాగితంలో చుట్టేసింది. గడ్డకట్టొద్దని చెప్పి పంపిన రక్తం, లోపల ఎక్కడో అప్పుడే కారుతోంది. పైన తానింకో ఇరవై గాట్లు పెడితే అవి మూసుకునేదెలా?

“పెట్టను. ఆస్పత్రికి పద.”

“చెయ్యి వణుకుతోందా ముసలిదానా? వాగవతల గాట్లు పెట్టే కపాలె కాదనడులే.”

కపాలె కాదనడని ఎనిఫాకూ తెలుసు. రెండు కర్రలూ లాక్కుని ఒళ్లో పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

“నా కాళ్లు ఇవ్వవే!”

“బాడుగ సైకిలుకు కబురు పంపుతా, అది వచ్చాక ఇస్తా.”

ఆరోగ్య కేంద్రం వరుసలో నవ్వులు పుట్టాయి. “గాట్లామె కూడా సూదికొచ్చింది!” ఎనిఫా తల దించలేదు. పొట్లాలు తీసి మెడికల్ అసిస్టెంట్ చిసాలె బల్ల మీద పెట్టింది. అతని ముఖం మారిపోయింది.

“ఇది ఆస్పిరిన్. ఆ మాత్రకు ఇది తోడైతే కడుపులో రక్తం కారుతుంది. నువ్వెలా కనిపెట్టావమ్మా?”

“అడిగాను, చెప్పింది. మాత్రలు పారెయ్యమననా?”

“అనకు! ఊరికే మానేస్తే కాల్లో గడ్డ కట్టి ఊపిరితిత్తులకెక్కుతుంది. ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో డాక్టరు చెప్తాడు. ఆ తుంటి దగ్గర బ్లేడు మాత్రం ఎప్పటికీ వద్దు, క్రిములు చేరితే కొత్త కీలు పాడవుతుంది.”

జిల్లా ఆస్పత్రిలో మలిసెనికి రెండు సంచుల రక్తం ఎక్కించారు. మంచం పక్కన చాప పరిచి, బయట మూడు రాళ్ల పొయ్యి మీద వండుతూ ఎనిఫాయే ఉండిపోయింది. ఐదో రోజుకు చిగుళ్ల నుంచి రక్తం ఆగింది, నోరు మాత్రం ఎప్పటిలాగే లేచింది.

“అయితే నా తుంటికి ఇక నీ వైద్యం లేనట్టేనా?”

“లేదు. కోసినవాళ్లదే ఆ చోటు.”

“మరి నువ్వెందుకిక్కడ?”

“నువ్వు మళ్లీ పొడి కొనకుండా,” అని ఎనిఫా జావ గిన్నె ఆమె చేతిలో పెట్టింది.