హాజరు పుస్తకం చివరి పేజీ

బండల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు పనిచేశాను గానీ ఒక్క బండ కూడా మోయలేదు. నేను మోస్తున్నదల్లా ఇదొక్కటే. ఇరవై ఏళ్లకు దగ్గర పడుతోంది. ఇంట్లోవాళ్లకు తెలియదు. తెలియవలసిన మనిషికి అసలే తెలియదు. మీరెవరో నేనెరగను, నేనెవరో మీరెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం రాయను. ధైర్యం ఇంకా అంతదూరం రాలేదు.

కల్లూరు దగ్గర ఒక పాలిష్ ఫ్యాక్టరీ. బనగానపల్లె వైపు గనుల నుంచి వచ్చే నాపరాళ్లను కోసి, నునుపు చేసి లారీలకెత్తేవాళ్లం. నేను ఆఫీసు గుమాస్తాని. హాజరు పుస్తకమూ, ఫ్యాక్టరీ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క కంప్యూటరూ నా అధీనంలో ఉండేవి. కీబోర్డు ముందు కూర్చునేవాణ్ణి కాబట్టి నేనే కీలకమైన మనిషినని నా నమ్మకం.

కెమెరా ఉన్న సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. స్నేహితులను వెతికి పట్టిచ్చే వెబ్‌సైట్ ఒకటి ఊరంతటినీ పట్టుకుంది. సాయంత్రం టీ వేళ మా వాళ్లు నా టేబుల్ చుట్టూ చేరేవారు. ఒక్కొక్కరికీ నేనే ఖాతా తెరిచిపెట్టాను. వాళ్లు చెప్పేవాళ్లు, నేను కొట్టేవాణ్ణి. పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది? అందరివీ హాజరు పుస్తకం చివరి పేజీలో వరసగా రాసిపెట్టాను. పొద్దున సంతకం పెడుతూ ఆ పేజీ తిప్పి చూసుకునేవారు. ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పోయే మనుషులు. నా దగ్గర ఉంటే భద్రమే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మద్దిలేటి మా కోత మిషన్ల సూపర్‌వైజర్. పాలిటెక్నిక్ చదివినవాడు, నాకంటే ఆరేళ్లు చిన్న, నన్ను ‘అన్నా’ అనేవాడు. మందం ఎక్కువున్న రాయి పట్టడం లేదని శెట్టిగారు రెండో మిషన్ రంపానికి ఉన్న ఇనుప మూత తీయించారు. శెట్టిగారంటే మా యజమాని. మూత పెట్టించమని మద్దిలేటి మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడగకుండా ఫోటో తీశాడు. తిరుగుతున్న రంపం, దానికి జానెడు దూరంలో ఒక కూలీ చేయి. కింద, ‘ఈడ చేతులకు గ్యారంటీ లేదు’ అని నా చేతనే రాయించాడు. తన స్నేహితులకు తప్ప ఇంకెవరికీ కనబడకుండా తాళం వేయమన్నాడు. వేశాను. ఆ తాళం ఎక్కడుందో మా ఫ్యాక్టరీలో నాకొక్కడికే తెలుసు. ఎంత గర్వపడ్డానో!

నెల తిరక్కుండా ఆ స్నేహితుల్లో ఒకడి నోటి నుంచి మాట మా దగ్గర బండలు కొనే బళ్లారి వ్యాపారికి చేరింది. ఆయన శెట్టిగారికి ఫోన్ చేసి నవ్వాడట. ఆ నవ్వు శెట్టిగారిని రంపంలా కోసింది.

మర్నాడు ఆఫీసు గదిలో శెట్టిగారు, ఆయన వకీలు, మూలన నేను. వకీలు నిదానంగా చెప్పాడు. అందరికీ కనబడేలా పెట్టి ఉంటే కంపెనీ పరువు తీశాడని విచారణ పెట్టి పంపించేయొచ్చు. స్నేహితులకు మాత్రమే చూపించుకున్నది అయితే కష్టం. అది అతని సొంత మాట కిందికి వస్తుంది. పాస్‌వర్డ్‌తో దొంగచాటుగా తెరిచి చూశామంటే అది మనకే ఎదురు తిరుగుతుంది. శెట్టిగారు నావైపు తిరిగారు. ఇదంతా వాళ్లకు నేర్పించింది ఎవరో కనుక్కుంటానన్నారు. ఆ మాట మాత్రమే అన్నారు.

ఎవరూ నన్ను ఏమీ చేయమనలేదు. ఇది మీకు స్పష్టంగా చెప్పాలి. చేయమని ఉంటే ఈ పాటికి బరువులో సగం వాళ్లమీద దించి ఉండేవాణ్ణి. ఇన్నేళ్లలో ఆ ప్రయత్నం ఎన్నిసార్లు చేశానో, ప్రతిసారీ ఆ గదిలోకి వెళ్లి శెట్టిగారి నోట ఒక ఆజ్ఞ కోసం ఎలా వెతుక్కున్నానో, దొరక్క ఎలా తిరిగొచ్చానో నాకే తెలుసు. ఆజ్ఞ లేదు. భయం ఉంది. ఆఫీసు కంప్యూటర్‌లో, ఆఫీసు వేళలో గురువు వేషం కట్టినవాణ్ణి నేనే కదా?

సోమవారం పొద్దున కూలీలు రాకముందే వచ్చాను. చివరి పేజీ తిప్పాను. మద్దిలేటి పాస్‌వర్డ్ అతని పేరూ ఫ్యాక్టరీ హాజరు టోకెన్ నంబరూ. నేను పెట్టిందే. లోపలికి వెళ్లి తాళం తీశాను. అందరికీ కనబడేలా పెట్టాను. బయటికొచ్చి, ఏమీ ఎరగనివాడిలా బయటినుంచే ఆ పేజీ తెరిచి, ప్రింట్ తీసి శెట్టిగారి టేబుల్ మీద పెట్టాను. మూడు నొక్కులు. రంపం కూడా అంత శుభ్రంగా కోయదు.

శనివారం విచారణ జరిగింది. వకీలే విచారణాధికారి. అందరికీ కనబడే పేజీలోనే చూశానని సాక్ష్యం చెప్పాను. ఆ ఒక్క వాక్యంలో అబద్ధం లేదు, చూడండి. నిజాన్ని ఎంత నునుపుగా పాలిష్ పట్టానో! నన్ను ప్రశ్నలు అడిగే హక్కు మద్దిలేటికి ఉందన్నారు. అతను లేచి నిలబడి, నావైపు చూసి, చిన్నగా నవ్వాడు. తన సాక్షి దొరికాడనుకున్నాడు.

‘‘అన్నా, ఆ ఫోటోకు తాళం ఏసింది నువ్వే గదా?’’

‘‘గుర్తు లేదప్పా.’’

‘‘టీ తాగేటప్పుడన్నా. శెట్టి చూసినాడంటే నా బతుకు బండలే అంటి. బండల ఫ్యాక్టరీలో ఇంగేమయితాదిరా అని నువ్వు నగితివి.’’

‘‘శానామందికి శానా చేసిపెడతాంటా. అన్నీ యాడ గుర్తుంటాయి?’’

అతను నావైపు చూశాడు. అనుమానంతో కాదు. అనుమానించి ఉంటే నాకెంత బాగుండేదో! లెక్క తప్పిన పిల్లవాడు పలకను చూసుకున్నట్టు తన అరచేతులు చూసుకున్నాడు.

‘‘సరేలే అన్నా. నువ్వు ఏసింటే పడింటాది. నేనే మల్లా యాడో తప్పు నొక్కింటా.’’

వకీలు గబగబా రాసుకున్నాడు: ఉద్యోగి తన పొరపాటును అంగీకరించాడు. కింద సాక్షిగా నేను సంతకం పెట్టాను. నా సంతకం బాగుంటుందని అందరూ అంటారు.

సాయంత్రానికల్లా అతన్ని తీసేశారు. లేబర్ ఆఫీసుకు తిరిగాడట. తాళం ఉండేదని చెప్పే సాక్షి కావాలన్నారట. ఉన్న సాక్షిని నేనొక్కణ్ణే. రెండు వారాలు తిరక్కుండా రెండో మిషన్‌కు చప్పుడు లేకుండా కొత్త మూత బిగించారు. ఆ ఫోటో వల్ల నలుగురి చేతులు మిగిలాయి. తీసినవాడి చేతిలో పని మిగల్లేదు. ఆ వారమే హాజరు పుస్తకం చివరి పేజీ చింపేశాను. ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒక సమాధానం మాత్రం సిద్ధంగా పెట్టుకున్నాను. అలాంటివి నాకెప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.

ఎందుకు చేశాను? భార్యాబిడ్డలున్నారని ఒకప్పుడు చెప్పుకునేవాణ్ణి. మద్దిలేటికి లేరా? నోరు తెరిచి నిజం చెబితే నన్నూ తీసేసేవారేమో. ఏమో. ఆ ‘ఏమో’ కోసమా ఒక మనిషిని అమ్ముకున్నాను?

పోయిన నెల కల్లూరులో షేర్ ఆటో ఎక్కాను. నడుపుతున్నది మద్దిలేటి. జుట్టు నెరిసింది. నేను దిగినచోట తనూ దిగివచ్చి నా చేతులు పట్టుకున్నాడు. పిల్లలు బాగున్నారా అన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, ఎవరెవరో ఏవేవో పంపుతున్నారనీ, ఏదో లాక్ పెట్టుకోవాలంటున్నారనీ, కాస్త పెట్టివ్వమనీ ఇచ్చాడు. రోడ్డు మీద, నలుగురు ప్రయాణికులు వింటుండగా, పాస్‌వర్డ్ గట్టిగా చెప్పాడు. పేరూ, పాత టోకెన్ నంబరూ. నేను పెట్టిందే. ఇన్నేళ్లూ మార్చలేదు.

ఫోన్ నా చేతిలో ఉంది. అప్పుడు చెప్పొచ్చు. ఎవరాపారు? కళ్లజోడు తెచ్చుకోలేదప్పా అని ఫోన్ తిరిగి ఇచ్చేశాను. కళ్లజోడు చొక్కా జేబులోనే ఉంది. అతను చూసే ఉంటాడు. చూసి కూడా, పర్లేదన్నా, ఇంటికాడ బిడ్డ పెడతాదిలే అని ఆటో ఎక్కాడు.

మీకు చెప్పాను. చెప్పవలసింది మీకు కాదని తెలుసు. మీ చేతులు ఏ రంపం దగ్గరా లేవు కాబట్టి మీకు చెప్పడం సులువు. దీంతో నా తప్పు వీసమెత్తు తగ్గదు. అయినా, నా తలలో ఇన్నేళ్లుగా తాళం వేసి ఉంచిన వాక్యం ఒకటి ఇప్పుడు కాగితం మీద, అందరికీ కనబడేలా ఉంది. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.

నువ్వు యాడా తప్పు నొక్కలేదు, మద్దిలేటీ. నొక్కింది నేను.