సుగంధి వేర్ల పెద్దమ్మ

మనవరాలు కేకులో వేయడానికి వెనిలా సీసా మూత తీసింది. వంటింట్లోంచి ఆ వాసన నా గదిలోకి వచ్చేసరికి చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. అచ్చం సుగంధిపాల వేర్ల వాసన. యుద్ధం రోజుల్లో, హనుమకొండలో మా పక్కింటి రుక్కమ్మ పెద్దమ్మ కొంగుకు ఎప్పుడూ అంటుకుని ఉండే వాసన. సంతోషం కలగాలి నిజానికి. కలగలేదు.

పెద్దమ్మ భర్త దేశాలు పట్టిపోయాడు. పిల్లలు లేరు. ములుగు అడవి నుంచి వచ్చే వేర్లు కొని, కడిగి, నడిమి పుల్ల తీసేసి, బెరడు దంచి, వేడినీళ్ళలో నానబెట్టి, వడకట్టి, పాకం పట్టి చిక్కటి సారం చేసేది. వరంగల్ షర్బతు దుకాణాలవాళ్ళు దానికోసం ఇంటికే వచ్చేవారు. కొత్త కోడలిగా ఆ వాడకు వచ్చిన నాకు ఆ పని నేర్పింది ఆమే. వేరు వాసన చూసి ఊరికే బాగుందంటే ఒప్పుకునేది కాదు. "మంచిగున్నదంటే ఏమెరుక? బూజు వాసనొస్తాందా, మన్ను వాసనొస్తాందా, గది చెప్పు" అని గద్దించేది.

ఒక ఏడు ఆమెకు విషజ్వరం వచ్చి తగ్గింది. తర్వాత ఒకనాడు నేను వెళ్ళేసరికి పొయ్యిమీద పాలు మాడి వాడంతా కంపు కొడుతోంది. ఆమె మాత్రం పొయ్యికి వీపు పెట్టి నింపాదిగా వేర్లు ఏరుతోంది. నా మొహం చూసి చెయ్యి పట్టుకుంది.

"జర ఎవ్వరికి చెప్పకు బిడ్డా. నా ముక్కు పోయిందని తెలిస్తే నా సరుకు ఎవలు కొంటరు? ఏం తిని బతకాలె?"

ఆనాటి నుంచి ఆమె ముక్కు నేనే. దుకాణాలవాళ్ళకు తేడా తెలియలేదు.

శ్రీరామనవమి పానకంలోకి ఏటా ఒక డబ్బా సారం గుడికి ఇచ్చేది. ఆ ఏడు వాసన చూద్దామని నేను ఆ డబ్బా మూత తీయబోతే నా చేతిమీద ఒక్కటి వేసింది. "దేవునికిచ్చేదాన్ని ఎవలన్న వాసన చూస్తరా? తప్పు!" ఎంత చెప్పినా వినలేదు. యుద్ధంవల్ల డబ్బాలు కరువైన రోజులు. ఎక్కడో సంపాదించిన ఆ డబ్బాలో అంతకుముందు కిరసనాయిలు పోశారట. బూడిదతో తోమింది గానీ, తోమితే పోయే వాసనా అది!

గుడిలో పానకం నోట్లో పోసుకున్నవాళ్ళు పోసుకున్నట్టే ఉమ్మేశారు. "ఏందమ్మా, గ్యాసునూనె వాసన కొడ్తాంది. నీకు తెల్వలేదా?" అన్నాడు పూజారి.

పెద్దమ్మ నన్ను చూపించి తప్పించుకోవచ్చు. ఆ పని చేయలేదు. "నాకు ముక్కు పోయిందయ్యా. జ్వరమొచ్చిన కాడికెల్లి ఏ వాసనా తెల్వదు" అని అందరిముందూ చెప్పేసింది. దుకాణాలవాళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నేను చూసి చెబుతానని ఎంత బతిమాలినా నా మాట ఎవరికీ చెవికెక్కలేదు.

పని పోయాక మనిషి ఎంతోకాలం నిలవలేదు. మంచాన పడింది, వీపంతా పుళ్ళు పడ్డాయి. చూడవచ్చినవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే "ఏం కాలేదమ్మా, మంచిగనే ఉన్నవ్" అనేవారు.

ఒక మధ్యాహ్నం నన్నడిగింది. "నా దగ్గర వాసనొస్తాందా బిడ్డా?"

నాకు ఏడుపు ఆగలేదు. "వస్తాంది పెద్దమ్మా" అన్నాను.

"గిన్ని దినాలకు నువ్వొక్కదానివి చెప్పినవ్. జర నీళ్ళు కాగబెట్టు" అంది. ఒళ్ళు తుడిచి చీర మార్చాను. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

ఇప్పుడు నేనూ ఒకరు పట్టుకుంటే గాని మంచం దిగలేను. ఇంట్లో అందరూ ప్రేమగలవాళ్ళే. ఏమడిగినా నవ్వుతూ సర్దిచెబుతారు. పెద్దమ్మ నన్నడిగిన ఆ ప్రశ్న వాళ్ళలో ఎవరిని అడగవచ్చా అని ఒక్కొక్కరి మొహమూ చూస్తుంటాను.