మూసేసిన గుమ్మం

ప్రసూన పుట్టి పెరిగిందీ, పెళ్లయ్యాక కాపురం చేసిందీ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలోనే. ఏ క్వార్టర్ చూసినా ఒకటే అచ్చు. అందుకే భర్త తిరుమలరావు రిటైరవగానే, బోద్రీ అవతల పొలాల మధ్య పాత రైతు ఇల్లొకటి అమ్మకానికుందని తెలిసి, పట్టుబట్టి కొనిపించింది. మూరెడు మందం మట్టిగోడలు, సాల్ కర్ర దూలాలు, వాటిమీద నాటు పెంకులు. నడుమ ఆకాశం కనిపించే వాకిలి. వెనక గదిలో మట్టితోనే కట్టిన ధాన్యపు గాదె. మండుటెండలోనూ లోపల చల్లగా ఉండేది.

దిగిన కొద్దిరోజులకే, దీపాలు పెట్టే వేళ, వెనక గోడకి బయటివైపు చప్పుడు మొదలైంది. ఎవరో అరచేత్తో గోడ తడుముకుంటూ నడుస్తున్నట్టు. ఒకచోటికొచ్చి ఆగేది. మళ్లీ మొదలయ్యేది. వెళ్లి చూస్తే ఎవరూ లేరు.

"గేదేదో రాసుకుంటోందే," అన్నాడు తిరుమలరావు.

"గేదెకి సేతులుంటాయేటి?" అంది ప్రసూన.

చప్పుడు ఆగేచోట గోడ సున్నం గుమ్మమంత మేర బీటలిచ్చి ఉంది. ప్రసూన పక్కింటి ముసలమ్మ ఫూల్‌బాయిని అడిగింది. ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది.

"ఈ ఇంటి కోడలు సుకవారా పురిట్లో పోయింది. ఆడపిల్ల బతికింది. పిల్లకోసం తిరిగొస్తుందని మామగారికి భయం. శవాన్ని గుమ్మంలోంచి పోనివ్వలేదు. వెనక గోడ పగలగొట్టించి, అటునుంచి మోయించి, వెంటనే మట్టితో మూయించేశాడు. పోయినవాళ్లు వెళ్లిన దారిలోనే తిరిగొస్తారట కదా."

"మరి ఆ పిల్ల?"

"ఏడాది తిరక్కుండానే జ్వరమొచ్చి పోయింది. ఆ సంగతి తల్లికెవరు చెబుతారు?"

ప్రసూనకి ఆ రోజు అన్నం సహించలేదు. మర్నాడే తాపీమేస్త్రీని పిలిపించింది. తిరుమలరావు ఎంత వద్దన్నా వినలేదు. సాయంత్రానికి గోడలో గుమ్మం తెరుచుకుంది. చప్పుడు దగ్గరికొచ్చి, ఆ ఖాళీ ముందు ఆగింది. ప్రసూన గుమ్మం పక్కకి జరిగి నిలబడింది. ఆ పల్లెలో ఆడపిల్లని పిలిచే మాటతోనే చెప్పింది.

"నోనీ లేదు తల్లీ. నీ ఎనకాలే వొచ్చేసింది."

చల్లటిదేదో ఆమె భుజాన్ని రాసుకుంటూ లోపలికి వెళ్లింది. గాదె పక్కనుంచి సన్నగా ఏడుపు వినిపించింది. ఈసారి తిరుమలరావు గేదె అనలేదు.

"మళ్లీ మూయించేద్దామే," అన్నాడు.

"ఏడవనీ. ఇన్నేళ్లూ ఏడవడానికి సోటే లేదు దానికి."

గుమ్మానికి తలుపు బిగించారు గానీ గడియ పెట్టించలేదు. ఆ వెనక గదిని వాడుకోవడమూ లేదు. సాయంత్రమైతే ప్రసూన వాకిట్లో కూర్చుంటుంది. లోపల ఏడుపు అణిగేదాకా లేవదు.