బాణీ నాదేనన్న సంతకం

భవానీపురంలో మా వీధి చివర హార్మోనియాలు బాగుచేసే పెద్దాయన ఉండేవారు. అందరూ మాస్టారనేవారు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు సాయంత్రాలు ఆయన దుకాణంలో కూర్చుని పాట నేర్చుకున్నాను. ఒకరోజు నేను కృష్ణానది మీద రాసుకెళ్లిన పాటకు ఆయన అక్కడికక్కడే బాణీ కట్టారు. నేను మెచ్చుకుంటే, "నీ మాటల్లోనే ఉందమ్మా, నేను బయటికి తీశానంతే" అన్నారు.

నేను ఆ పాట పాడి నెట్‌లో పెట్టిన వీడియో చూసి హైదరాబాదు ఆడియో కంపెనీ ఒకటి నన్ను పిలిచింది. ఒప్పందం పదకొండు పేజీలు, ఇంగ్లీషులో. నాలుగో పేజీలో, మాటలూ సంగీతమూ పూర్తిగా నావేనని, వాటి హక్కులు శాశ్వతంగా కంపెనీకి ఇస్తున్నానని ఉంది. అక్కడ ఆగాను.

"ట్యూన్ కూడా మీదేగా మేడం? ఇంకొకరి సంతకం కావాలంటే మళ్లీ నెల పడుతుంది" అన్నాడు మేనేజరు.

"నాదేనండి" అని సంతకం పెట్టాను.

పాట విడుదలైంది. ఖర్చులు పోను ఇస్తామన్న రాయల్టీ ఇప్పటికీ రాలేదు. ఆ మధ్య మాస్టారు ఇంట్లో ఆ పాట వాయిస్తుంటే వాళ్లమ్మాయి ఫోనులో తీసి నెట్‌లో పెట్టింది. కంపెనీ ఫిర్యాదుతో రెండోరోజుకే దాన్ని తీసేశారు. ఆయన ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చారు.

"ఇది వేరేవాళ్ల సంగీతమని వచ్చిందమ్మా. ఏదో పొరపాటు పడ్డట్టున్నారు. మీవాళ్లకి ఒక మాట చెప్పు."

"చెప్తాను మాస్టారూ."

మేనేజరుకి ఫోన్ చేశాను. "మీరే రాసిచ్చారు కదా మేడం. ఇప్పుడు కాదంటే మీ తర్వాతి రెండు పాటలూ ఆగిపోతాయి" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. మూడు వారాలు మాస్టారి కంట పడకుండా వెనకవీధి నుంచి తిరిగాను.

చివరికి ఒప్పందం తీసుకుని దుకాణానికి వెళ్లాను. నాలుగో పేజీ తెలుగులో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, "చదవకుండా సంతకం పెట్టేశావా అమ్మా?" అని అడిగారు.

అవునంటే చాలు, క్షమించేవారు. ఆ ప్రశ్న అందుకే అడిగారని నాకు తెలుసు.

"చదివే పెట్టాను మాస్టారూ."

ఆయన మళ్లీ పనిలోకి వంగారు. పని చేస్తూనే, "సరేనమ్మా, ఇంటికెళ్లు" అన్నారు.

ఆ రాత్రే బాణీ ఆయనదని కంపెనీకి రాశాను. నా రెండు పాటలూ ఆపేశారు. ఆయన పేరు మాత్రం చేర్చలేదు.

మొన్న హనుమాన్ జంక్షన్‌లో ఒక కాలేజీ సభలో ఆ పాట పాడేముందు బాణీ ఎవరిదో చెప్పాను. నా నిజాయితీకి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా తల ఎత్తలేకపోయాను.